ఎర్ర గీత కింద పందొమ్మిది మీటర్లు

పెద్దల్లుడి ఉద్యోగం సముద్రాన్ని కొలవడం. సముద్రం మీదకి మాత్రం ఆయన ఒక్కసారీ వెళ్లలేదు. పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. రేవు వాతావరణ ఆఫీసులో, కిటికీ తలుపు సరిగ్గా పడని గదిలో, ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. నడిసముద్రంలో లంగరేసి నీటి మీద తేలే పసుపు డబ్బా, బోయా, ఒక్కో అల ఎత్తునూ రేడియోలో పంపుతుంది. యంత్రం దాన్ని కాగితం మీద అచ్చేస్తుంది. ఆయన చూసి, సరైన అంకెల్ని మరో జాబితాకెక్కించి పైకి పంపుతాడు. చుట్టుపక్కల అలలకు రెండింతలు దాటిన అంకె కనబడిందా, ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి పక్కన సంతకం గిలుకుతాడు. "అది అల కాదయ్యా, యంత్రం తుమ్మింది" అని పని నేర్పిన ముసలి గుమస్తా చెప్పిన మాట ఆయనకు వేదం. తుమ్ములు కొట్టేయడంలో ఆయనకు మంచి పేరుంది.

చిన్నల్లుడు సరుకుల ఓడలో ఆఫీసరు. ఆరు నెలలకోసారి ఇంటికొస్తాడు. వచ్చాడంటే అత్తగారి కాళ్లు నేల మీద ఆనవు. చేప వండితే నడుం ముక్క అతనికి, తోక ముక్క పెద్దల్లుడికి. కుళాయి కారితే, ఫ్యూజు పోతే, ఆవిడకి మోకాలు నొప్పొస్తే పరిగెత్తేది మాత్రం పెద్దల్లుడే. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. వీధి చివర కాపురమున్న అల్లుడూ అంతే. ఆయనకు ఒళ్లు మండేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బాగా మండేది.

ఈసారి చిన్నల్లుడు ఒక అలను వెంటబెట్టుకొచ్చాడు.

"పోయిన పౌర్ణమి రోజు, సాయంత్రం సరిగ్గా నాలుగూ పది. ఎనిమిదేసి మీటర్ల అలలు, మాకు మామూలే. పసుపు బోయా పక్కనే కనబడుతోంది. ఉన్నట్టుండి ముందర పెద్ద గుంట పడిందత్తయ్యా! దాని వెనకాలే గోడలాగా నీళ్లు. పదిహేను మీటర్లుంటుంది. అద్దాలు పగిలిపోయి సముద్రం లోపలికొచ్చేసింది."

అత్తగారు గరిట గాల్లోనే పట్టుకుని వింటోంది.

"ఆ రోజు మా లెక్కల్లో పదమూడు దాటలేదే" అన్నాడు పెద్దల్లుడు, ముల్లు ఏరుకుంటూ. "గోరంతలు కొండంతలు చేయడమంటే ఇదే కాబోలు."

చిన్నల్లుడి మొహం చిన్నబోయింది. ఆ పూట పెద్దల్లుడికి తోక ముక్క కూడా రుచిగానే ఉంది.

వారం తిరక్కుండా కంపెనీ విచారణ పెట్టింది. అంత అల లేదట, ఇతనే వేగం తగ్గించకుండా నడిపి ఓడ పాడుచేశాడట. తప్పని తేలితే లైసెన్సు పోతుంది, ఇక జన్మలో ఓడెక్కలేడు. వాళ్ల చేతిలో ఉన్న సాక్ష్యం పెద్దల్లుడు పంపిన జాబితాయే.

చేసుకున్నవాడికి చేసుకున్నంత, అనుకున్నాడు పెద్దల్లుడు. ఆ పదమూడును మరోసారి కళ్లారా చూసుకుందామని బీరువా తీసి అసలు కాగితం వెతికాడు. సరిగ్గా తోడల్లుడు చెప్పిన నిమిషానికి ఒక ఎర్ర గీత ఉంది. గీత కింద పందొమ్మిది. పక్కన తన సంతకం.

ఏమీ ఎరగనట్టు పై అంతస్తు శాస్త్రవేత్త మేడంని అడిగాడు, అలాంటి అల నిజంగా లేస్తుందా అని.

"ఎందుకు లేవదండీ? అలలన్నీ ఒకే వేగంతో వెళ్లవు కదా. వెనకవి ముందువాటిని అందుకుని ఒకే క్షణంలో ఒకే చోట కలిస్తే ఎత్తు మీద ఎత్తు. ఒక్కోసారి ఒకే అల పక్కవాటి బలం లాక్కుని పెరుగుతుంది. అందుకే దానికి ముందూ వెనకా గుంటలు. కాసేపే, మళ్లీ సర్దుకుంటుంది."

అచ్చం మా తోడల్లుడే, అనుకున్నాడు. వాడు లేస్తే పక్కన నేను గుంట. కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మూడు వారాలు ఆ తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

"చెల్లి అన్నం ముట్టట్లేదు. మీ ఆఫీసులో ఏ కాగితమూ లేదా?" అంది భార్య.

"ఉంటే దాచుకుంటానా?" అని కసిరాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది.

విచారణకు ముందు రోజు అత్తగారింట్లో కుళాయి మళ్లీ కారింది. పెద్దల్లుడు వెళ్లేసరికి చిన్నల్లుడు వంటింటి గట్టు పక్కన నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయింది.

"మీ లెక్క తప్పదు కదన్నయ్యా. భయంలో నాకే ఎక్కువ కనబడిందేమో. రేపు అదే ఒప్పేసుకుంటాను."

పెద్దల్లుడు రెంచి గట్టు మీద పెట్టేశాడు. ఇన్నేళ్లూ వాడు ఒక్క మెట్టు దిగితే చాలనుకున్నాడు. తీరా దిగితే, తన గీతను నమ్మి సొంత కళ్లనే కాదనుకుంటున్నాడు.

మర్నాడు పిలవకుండానే విచారణ గదికి వెళ్లి కాగితం బల్ల మీద పెట్టాడు.

"దీన్ని కొట్టేసిందెవరు?" అన్నాడు అధికారి.

"నేనేనండి. మా రివాజు అది."

"మరి తెలిశాక మూడు వారాలు ఎందుకు ఊరుకున్నారు? అదీ రివాజేనా?"

"కాదండి. కుళ్లు" అన్నాడు పెద్దల్లుడు. ఆ గదిలో చిన్నల్లుడూ ఉన్నాడు.

లైసెన్సు నిలిచింది. బయట మెట్ల మీద చిన్నల్లుడు వెనకే వచ్చాడు. తిడతాడనుకున్నాడు పెద్దల్లుడు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"నాకూ పందొమ్మిదనే అనిపించిందన్నయ్యా. అలల గురించి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు? నవ్వుతారని, నాలుగు తగ్గించి చెప్పాను."

పెద్దల్లుడు ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. ఇవాళ కూడా నడుం ముక్క వీడికే పడుతుందన్న మంట కడుపులో ఎక్కడో ఇంకా ఉంది. కానీ కళ్ల ముందున్నది బీరువా. ఇరవై రెండేళ్ల కాగితాలు, వాటి నిండా ఎర్ర గీతలు. ఆ గీతల కింద ఎన్ని ఓడలున్నాయో ఆయన ఎప్పుడూ చూడలేదు.