లాభం అని రాసిన ఫ్లాపీ

జగ్గయ్యపేటలో మా ఇంటి ముందుగదిలో పాత కంప్యూటర్ ఒకటి ఉంది. మా ఆవిడ దాన్ని ఇనప సామాను అంటుంది. పెళ్లి శుభలేఖలు కంపోజ్ చేసే రోజుల్లో కొన్నది. పెన్‌డ్రైవ్ అంటే ఏమిటో దానికి తెలియదు గానీ, ఫ్లాపీ పెడితే గరగరమంటూ ఇప్పటికీ చదువుతుంది. అప్పుడప్పుడూ ఆన్ చేసి చూసుకుంటాను. ఇందులో ప్రేమలూ పాడూ ఏమీ లేవు. పనిచేసే వస్తువును పారేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట, అంతే.

దాని సంగతి ఎవరో చెబితే విని, నందిగామ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కందులూ పెసలూ కొని అమ్మిన వ్యాపారి, ఇప్పుడు మానేశారు. భార్యాభర్తలిద్దరూ చిల్లకల్లు అడ్డరోడ్డులో బస్సు దిగి ఆటోలో వచ్చారు. ఆమెకు చాలా ఏళ్ల క్రితం గొంతుకు జబ్బు చేసి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఫ్లాపీలున్న మిఠాయి డబ్బా ఒకటి ఆయన నా చేతిలో పెట్టారు.

“కంప్యూటర్ కొన్న కొత్తల్లో మైకు పెట్టి ఈవిడ మాటలు రికార్డు చేశానండి. ఆ కంప్యూటర్ ఎప్పుడో పోయింది. పెళ్లి వీడియోలో మొత్తం బ్యాండు మోతే. ఈవిడ గొంతు ఇంకెక్కడా లేదండి” అన్నారు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అది ఒక ఫ్లాపీలో పట్టే ఫైలు కాదు. అప్పట్లో అలాంటివాటిని కుదించి, ముక్కలు చేసి, ఒక్కో ఫ్లాపీలో ఒక్కో ముక్క దాచేవాళ్లం. విప్పేటప్పుడు మొదటిదాని నుంచి వరసగా పెట్టాలి. ఆ మొదటిది లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండగే.

వాళ్లు వెళ్లాక డబ్బా తీశాను. రెండు, మూడు, నాలుగు అని అక్షరాల్లో రాసిన ఫ్లాపీలు వరసగా ఉన్నాయి. ఒకటి లేదు. లాభం అని రాసింది మాత్రం ఉంది. వ్యాపారి కదా, ఏవో లెక్కలై ఉంటాయని పక్కన పెట్టేశాను. పరాయివాళ్ల లాభాల్లో తలదూర్చే అలవాటు నాకు లేదు.

ఒకటి కనిపించడం లేదని ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు ఆయనే చేశారు. అటక మీది సామాను కూడా దింపి చూశారట.

“దొరకలేదండి. ఈవిడకి నేను ఆశ పెట్టకుండా ఉండాల్సింది. ఇంక వదిలేయండి” అన్నారు.

“సరేనండి. డబ్బా ఎవరితోనన్నా పంపిస్తా. మీ లాభాల లెక్కల ఫ్లాపీ కూడా భద్రంగానే ఉంది.”

అవతల ఒకటే నవ్వు.

“లాభాల లెక్కేంటండీ బాబూ! లాభమంటే ఒకటేనండి!”

గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి కుంచాన్ని లాభం అంటారు, ఆ తర్వాతే రెండు. మా తాత అలా కొలుస్తుంటే విన్నవాణ్ణే నేను. ఫ్లాపీలను కూడా కందుల్లా కొలిచే మనిషి ఉంటాడని మాత్రం నాకు తట్టలేదు.

ఆ ఆదివారం ఇద్దరూ మళ్లీ వచ్చారు. లాభంతో మొదలుపెట్టాను. కంప్యూటర్ ఒక్కో ఫ్లాపీ చదివి, తర్వాతిది పెట్టమని అడుగుతూ పోయింది. నాలుగోది మొరాయించింది. తీసి, తుడిచి, మళ్లీ పెడితే చదివింది. చివరికి ఎక్కడా తప్పు లేదని తెర మీద పడింది. దాని స్పీకర్లు ఏనాడో పోయాయి కనుక, ఫైలును కేబుల్ మీద లాప్‌టాప్‌లోకి పంపాను. అది నత్తనడకన వెళుతుంటే మా ఆవిడ అందరికీ టీ ఇచ్చింది.

ఫైలు నొక్కాను.

“ఏం మాట్లాడమంటారు? నాకవతల పప్పు మాడిపోద్ది. ఆ ఎర్ర లైటేంటి? వింటందా ఇది?” సన్నటి గొంతు, గలగలా మాట్లాడుతోంది. మధ్యలో నవ్వు.

ఆయన మొహం చిట్లించారు. “ఇది ఈవిడది కాదండి. ఎవరిదో కలిసిపోయింది. ఈవిడ గొంతు నిదానంగా, కాస్త బొంగురుగా ఉండేది. నాకు తెలీదా?”

“అలా కలవదండి. విప్పితే లోపల పెట్టిందే వస్తుంది” అన్నాను. ఆయన వినలేదు. మళ్లీ పెట్టమన్నారు.

ఈసారి నేను ఆమెను చూశాను. పప్పు మాడిపోద్ది అన్న చోట ఆమె పెదవులు ఆ మాటలకు సరిగ్గా కదులుతున్నాయి. నవ్వు దగ్గర నవ్వింది, చప్పుడు లేకుండా. ఆయన కూడా అటు తిరిగి చూశారు. ఇన్నేళ్లూ ఆయన మనసులో మాట్లాడుతూ వచ్చింది వేరెవరో. నాకు చాలా బాధేసింది.

“ఇది నువ్వేనా?” అని ఆమెను అడిగారు.

ఆమె తలూపింది.