కందిరీగ ఎడమ కన్ను

జాతీయ హాకీ జట్టులో ఆమెను అందరూ కందిరీగ అనేవారు. ఆ పేరు పెట్టింది గోల్ కీపర్. ప్రత్యర్థులకు పెనాల్టీ కార్నర్ దొరికితే కీపర్‌తో కలిపి ఐదుగురు గోల్ గీత వెనక నిలబడాలి. బంతి కదలగానే వాళ్లలో ఒకరు, కొట్టబోయే మనిషి మీదికే దూసుకుపోవాలి. రాయిలాంటి బంతికి ఎదురెళ్లడానికి ఎవరికి మనసొప్పుతుంది? పందొమ్మిదేళ్ల ఈ పిల్ల మాత్రం అడిగి మరీ ఆ పని తీసుకుంది.

తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి సరుకుల లారీతో పాటే తిరిగేవాడు. పెంచిందంతా అక్కే. అక్క బట్టలు కుట్టేది. చెల్లెలి మొదటి జెర్సీ మీద నంబరు కుట్టిందీ ఆమే. ఏడు కుడితే ఒకటిలా వచ్చిందని బడిలో పిల్లలు నెల రోజులు ఏడిపించారు.

కందిరీగ దేశం తరఫున ముప్పై ఒక్క మ్యాచ్‌లు ఆడింది. ముప్పై ఒకటోది పరాయి దేశంలో సెమీఫైనల్. రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా అవతలి వాళ్లకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. ఆమె ముఖానికి మాస్కు తగిలించుకుని పరిగెత్తి బంతిని అడ్డుకుంది. గండం గడిచిందనుకుని మాస్కు తీసి పక్కకు విసిరింది. అందరూ చేసేదే అది. బంతి మళ్లీ వాళ్లకే చిక్కింది. రెండో దెబ్బ ఎవరి స్టిక్కుకో తగిలి పైకి లేచి, నేరుగా వచ్చి ఆమె ఎడమ కంటికి తగిలింది.

జట్టు గెలిచింది. ఆ సంగతి ఆమెకు మర్నాడు ఆసుపత్రిలో తెలిసింది.

రెండు ఆపరేషన్లు చేసినా ఆ కంటికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. "ఉన్న కన్ను జాగ్రత్తగా చూసుకో అమ్మా. ఆట మాట ఇక ఎత్తకు," అన్నాడు డాక్టరు. ఆయన రాసిచ్చిన కాగితం అక్కకు తప్ప ఎవరికీ చూపలేదు. జట్టు వాళ్లకు కన్ను బాగైందనే చెప్పింది.

ఆర్నెల్లకు క్యాంపు నుంచి పిలుపొచ్చింది. ముందు కంటి పరీక్ష ఉంటుంది. అక్షరాల పట్టిక అక్కడ ఏది వాడతారో చెల్లెలికి తెలుసు. అక్క ఎక్కడో అడిగి అలాంటిదే తెచ్చి, కుట్టు మిషను ఎదురుగా గోడకు అంటించింది.

"నాలుగో వరుస చెప్పు."

చెప్పింది.

"పాఠంలా గడగడా అప్పజెప్పకే. కాస్త తడుముకో. చివర్లో కళ్లు చిట్లించు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినపడిన నవ్వు అది.

పరీక్ష గట్టెక్కింది. మైదానంలో మాత్రం బంతి ఎంత దూరంలో ఉందో అంతు చిక్కేది కాదు. స్టిక్కు అరక్షణం ముందో వెనకో పడేది. చప్పుడును బట్టి అంచనా కట్టడం నేర్చుకుంది. తల ఎడమకు తిప్పి ఆడటం అలవాటు చేసుకుంది.

"మెడ పట్టిందా?" అని కోచ్ అడిగితే, "తలగడ పడలేదు మేడం," అంది.

మూడో వారం సాధనలో, జట్టులోకి కొత్తగా వచ్చిన పదిహేడేళ్ల పిల్ల ఎడమ పక్క నుంచి పరిగెత్తుకొచ్చింది. అదే క్షణాన కందిరీగ బంతి కోసం బలంగా స్టిక్కు విసిరింది. తగిలింది బంతికి కాదు. పిల్ల నోరు పట్టుకుని కూలబడింది. మూడు పళ్లు ఊడాయి, దవడ ఎముక విరిగింది.

పిల్లను ఆంబులెన్సు ఎక్కించాక కోచ్ ఆమె వైపు తిరిగింది. "పక్కనే ఉంది కదా. ఎక్కడ చూస్తున్నావు?"

"కనపడలేదు మేడం."

"రెండడుగుల్లో మనిషి కనపడకపోవడమేంటి?"

గోల్ కీపర్ చేతి తొడుగు తీసేసి, కందిరీగ ఎడమ పక్కకొచ్చి చెయ్యెత్తి నిలబడింది.

"ఎన్ని వేళ్లు?"

"తెలీదు."

ఆ మధ్యాహ్నమే పెట్టె సర్దుకుంది. కీపర్ బస్సు దాకా వచ్చింది. "నాతోనైనా ఒక్క మాట అనాల్సింది," అంది. అరిచి తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ పిల్ల ఇంటికి రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి తాళం. రెండోసారి తల్లి తలుపు సగమే తీసింది. "గొట్టంతో పాలు తాగిస్తున్నాం. నిన్ను చూస్తే అవి కూడా దిగవు. ఇంకెప్పుడూ రాకమ్మా."

చదివిన బడివాళ్లు పిల్లలకు ఆట నేర్పమని పిలిచారు. వెళ్లింది. పిల్లలు స్టిక్కులు పట్టుకుని చుట్టూ మూగారు. ఎడమ పక్కన ఎవరున్నారో, ఎంత దగ్గరున్నారో అని మాటిమాటికీ తల తిప్పుతూ గంట కూడా నిలవలేకపోయింది.

ఇప్పుడామెకు ఇరవై మూడేళ్లు. పార్సెల్ ఆఫీసులో డబ్బాలకు చిరునామా కాగితాలు అంటిస్తుంది. దెబ్బ తగిలిన పిల్ల ఆట మానేసిందని మొన్న కీపర్ ఫోన్ చేసి చెప్పింది. ఆ సంగతి విని అక్క మిషను ఆపింది.

"ఆ పట్టిక నేను తేకపోతే..."

"నువ్వు తేకపోతే నేనే తెచ్చుకునేదాన్ని అక్కా."

"అయినా తెచ్చింది నేనేగా."

చెల్లెలు పనికి టైమైందంటూ లేచి చెప్పులేసుకుంది. ఆ రోజు సెలవని ఇద్దరికీ తెలుసు.