సగం మానులో సిగ్నల్

అక్కుపల్లి నుంచి రక్తపు నమూనాల పెట్టెతో పలాస ల్యాబ్‌కు బయల్దేరిన డ్రోన్ కొబ్బరితోటల మీదుగా బాగానే వచ్చేది. పలాస మేడల మీదికి రాగానే మొండికేసేది. దాన్ని నడిపేది మామూలు మొబైల్ నెట్‌వర్కే. అది తెగకుండా చూడటం నా ఉద్యోగం. తెగితే బయల్దేరిన చోటికే వెళ్లిపోవాలని దానికి నేర్పాం కాబట్టి, రెండుసార్లు బుద్ధిగా వెనక్కి పోయింది. మూడోసారీ ఇలాగే అయితే ఈ డ్రోన్ ఏర్పాటు మొత్తం ఎత్తేసి ఇంకో జిల్లాకు పట్టుకుపోతామని మా పై అధికారి తేల్చేశారు. ఈ దారే కావాలని పట్టుబట్టింది నేను. కిడ్నీ జబ్బుతో నీరసించిన మనుషులు ఒక్క పరీక్ష కోసం బస్సుల్లో పడే అవస్థ చూస్తూ పెరిగినదాన్ని.

సిగ్నల్ లేకపోతే మేడెక్కడం మా ఉద్దానంలో అందరికీ వచ్చిన విద్య. అందుకే రెండోసారి డ్రోన్‌ను ఇంకా పైకి లేపాను. ఇంకా త్వరగా తెగింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని విసుక్కుంటుంటే మా నాన్న విన్నాడు. కొబ్బరికాయలు దింపడం ఆయన పని.

"అంత పైకెందుకమ్మా? సెట్టు సివర ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉంటాయి, మాటే ముక్కలైపోతాది. మీ యమ్మ ఫోన్ సేత్తే నేను సగం మాను దిగొచ్చి మాటాడతాను. సుబ్బరంగా ఇనబడతాది."

"ఇది సెట్టు కాదు నాన్నా!" అని కసిరాను.

"నాకేటి తెలుసు," అంటూ మజ్జిగ పోసుకున్నాడు.

పొద్దున్నే ఆఫీసులో రికార్డులు తిరగేశాను. పైన సిగ్నల్ తక్కువై కాదు, ఎక్కువై తెగింది. ఊళ్లో టవర్లన్నీ ఒకేసారి అందుతుంటే, నలుగురూ ఒకేసారి పిలిచిన కొత్తకోడలిలా డ్రోన్ ఎవరికీ సరిగ్గా పలకలేకపోయింది. నాన్న చెప్పింది అక్షరాలా అదే. సిగ్గేసింది.

మూడు రోజులు పలాస వీధులన్నీ కాళ్లరిగేలా తిరిగాను. జీడిపప్పు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, కరెంటు తీగలు తప్పించుకుంటూ, ఒకటి రెండు టవర్లే గట్టిగా అందే దారి వెతికాను. ఎత్తు సగానికి దించాను.

మూడోసారి ల్యాబ్ మేడ మీద నిలబడ్డాను. ఫ్యాక్టరీలు దాటింది, స్టేషన్ దాటింది, ఒక్కసారీ తెగలేదు. పెట్టె నా కాళ్ల ముందు దిగింది. ల్యాబ్ అమ్మాయి వచ్చి మూత తీసి, "ఇంకా సల్లగానే ఉన్నాయి మేడమ్," అంది. నాకు ఏడుపొచ్చింది.

దారి ఇక్కడే ఉంటుందని ఖాయం చేశాక, రిపోర్టు రాయమన్నారు. ఎత్తు తగ్గించమని సలహా ఇచ్చిన నిపుణుడి వివరాలకు అందులో ఒక గడి ఉంది. మా నాన్న పేరు రాశాను. వృత్తి అన్నచోట కొబ్బరి దింపు అని రాశాను. పై అధికారి నవ్వి, అది మార్చి నా పేరు పెట్టమన్నారు.

"తప్పేముంది సార్ అందులో?" అన్నాను. మార్చలేదు.