కాళ్లకి లేని కంచె

నరసాపురంలో రొయ్యల రైతులకి నీళ్లు పరీక్షించే ల్యాబ్ నాది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నా మాట విని చెరువులు కాపాడుకున్నారు. నాన్న మాత్రం వినడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, ఆయనకి మందుల షాపువాడు చెప్పిందే వేదం.

మొన్నటి పంటకి కాలవ అవతలి చెరువులో వైట్ స్పాట్ వైరస్ వచ్చింది. రొయ్యల పెంకు మీద తెల్లమచ్చలు, గట్టు వెంబడి చచ్చిన రొయ్యలు. ఆ చెరువు రైతు నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. మా రెండు చెరువులూ అప్పటికి బాగానే ఉన్నాయి.

ఆ ఉదయం నాన్న డ్రమ్ములో బెల్లం, తవుడు కలిపి బ్యాక్టీరియా మందు పులియబెడుతున్నాడు. "ఇంకో డ్రమ్ము కలుపుదామే. ఇవన్నీ కలిసి ఆ వైరస్‌ని తినెయ్యవా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది.

"తినవు నాన్నా. బ్యాక్టీరియా బెల్లం తింటుంది, నీళ్లలో ఆక్సిజన్ పీల్చుకుంటుంది, ఆ బలంతో అడుగున కుళ్లిన మేత శుభ్రం చేస్తుంది. మబ్బుగా ఉన్న రోజు బెల్లం ఎక్కువేస్తే రొయ్యకి అందాల్సిన గాలి కూడా అదే లాగేస్తుంది. వైరస్ అలా కాదు. దానికి తిండీ లేదు, ఊపిరీ లేదు, సొంత పొయ్యే లేదు. రొయ్యలోకి దూరి, దాని పొయ్యి మీదే తన వంట వండుకుంటుంది. దాన్ని చంపే మందు లేదు. రానివ్వకపోవడమే మన చేతిలో ఉంది."

"పక్షులు రాకుండా పైన దారాలు కట్టాం, పీతలు రాకుండా కంచె వేశాం. ఇంకెలా వస్తదేంటి?"

"నీ కాళ్లతో."

మా వైపు చెరువు పోతే ఇంట్లో మనిషి పోయినట్టే, అందరూ పరామర్శకి వెళ్తారు. గట్టెక్కి, చచ్చిన రొయ్యని అరచేతిలో తిప్పి చూసి, అయ్యో అంటారు. ఆ చేతులతోనే, ఆ బురద కాళ్లతోనే వచ్చి సొంత చెరువులో మేత ట్రే ఎత్తి చూసుకుంటారు. మర్యాద ముంచిన చెరువుల్ని నేను చాలానే చూశాను.

నాన్న అప్పటికే స్నేహితుణ్ణి పరామర్శించడానికి కండువా భుజాన వేసుకున్నాడు. "నాకు గుండెనొప్పి వచ్చినప్పుడు ఆస్పత్రి నుంచి కదల్లేదే వాడు. ఇప్పుడు నేను ఇంట్లో కూర్చుంటే మనిషినంటారా?"

నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. "ఫోన్ చెయ్యి. నిన్ను వెళ్లనిచ్చేది లేదు."

చేశాడు. "ఒరేయ్, నీ గట్టెక్కలేనురా. మా అమ్మాయి వద్దంటోంది. ఏమనుకోకు." అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. నాన్న కండువా తీసి విసిరేసి, డ్రమ్ము దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు బాధేసింది. తప్పు చేశానని మాత్రం అనిపించలేదు.

మా చెరువులు నిలబడ్డాయి. మొదటి చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రోజున వలలో అవి ఎగిరిపడుతుంటే, ఆ స్నేహితుడు రోడ్డు మీద బండి ఆపాడు. నాన్న గబగబా వెళ్లి, చెయ్యి పట్టుకుని గట్టు మీదకి లాగబోయాడు.

ఆయన తన చెప్పుల వంక చూసుకుని, నా వంక చూశాడు. "రెండో చెరువులో ఇంకా సరుకుంది కదమ్మా. నేను దిగను. ఇక్కణ్ణుంచే చూస్తాను."

నాన్న పట్టుబడి నాకొదిలేసి, అయ్యేదాకా ఆయన పక్కనే రోడ్డు మీద నిలబడ్డాడు.