గురి తప్పలేదు

పద్నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, రెండు ముక్కలు. ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నాను.

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్ళే, యాభై దాటాక. నేర్పింది మా ఆయన. ఎవరి కాలు నావల్ల పోయిందో, ఆయనే.

అప్పట్లో ఆయనకు రైల్వేలో రాత్రి డ్యూటీలు. హిందీ మాట్లాడే ఊళ్ళో, టాటీబంధ్ అనే పేట దాటాక, లారీలు ఆగే చోట మా ఇల్లు. ఆయన లేనప్పుడు ఎవరో తలుపు గడియ కదిపి చూసేవారు. రెండుసార్లు విన్నాను. తిల్దా అనే ఊరి దగ్గర మా రెండెకరాల వరిని అడవిపందులు తవ్వేసేవి. తిరగ్గా తిరగ్గా లైసెన్సు వచ్చింది. ఒక్క తుపాకీకే.

తుపాకుల దుకాణంలో నన్ను ఉంచి, ఆయన లైసెన్సు జిరాక్స్ తీయించడానికి రోడ్డు దాటి వెళ్ళారు. అద్దాల బల్లలో ఒక చిన్న రివాల్వరు. తలగడ కింద పట్టేది. గోడకు పొడుగు తుపాకీ. అది నేను ఎత్తలేను. నా చూపు దుకాణదారు కనిపెట్టాడు.

"బహన్‌జీ, యే ఘర్ కే లియే. సూఅర్ కే లియే వో లంబీవాలీ."

చిన్నది ఇంటికనీ, పందికైతే ఆ పొడుగుదే కావాలనీ, చిన్నదానికి పంది పడదనీ, గాయపడ్డ పంది పారిపోకుండా మీదికే తిరుగుతుందనీ రెండుసార్లు చెప్పాడు. తలూపాను.

ఆయన తిరిగొచ్చారు. "ఏటంతన్నాడే?"

"ఇదే సాలంటండి. ఇంటికీ, పందికీ."

"ఇంత బుడ్డిదానికి పంది పడతాదా? నీ పోపులడబ్బాలో పట్టేస్తాది గదే!"

"పడతాదంట."

దుకాణదారు నా వైపు చూశాడు. మా తెలుగు అతనికి తెలియదు. ఇంటికోసమే కొంటున్నామనుకున్నాడు కాబోలు.

కోతలకు ముందు ఒక సాయంకాలం ఆయన దాన్ని పట్టుకుని పొలం గట్టు ఎక్కారు. ఆపొచ్చు. ఆపితే అబద్ధం బయటపడుతుంది. టీ ఫ్లాస్కు పట్టుకుని వెనకే నిలబడ్డాను. గుండు పంది ముందుకాలికి తగలడం చూశాను. అది కుంటుతూ ఆయన మీదికే వచ్చింది. తొడ చీరేసింది. ఆస్పత్రిలో కాలు తీసేశారు. పంది నెత్తురు చార గట్టు మధ్యలో ఆగిపోయింది. పంది దొరకలేదు.

"నా గురి తప్పిందే," అంటారు ఆయన ఇప్పటికీ, కుడిచెయ్యి చూసుకుంటూ. గురి తప్పలేదని, తుపాకీయే చాలలేదని నేనెందుకు అనలేకపోయాను? వదిలేస్తారని భయమా? లేక ఆయన ఆ చేతిని తిట్టుకుంటున్నంతకాలం నన్నెవరూ తిట్టరని తెలిసి, ఆ సుఖానికి అలవాటుపడ్డానా?

దీపాలు పెట్టే వేళ పెరట్లోంచి తడి బురద వాసన వస్తుంది, ఎండాకాలంలో కూడా. గచ్చు మీద మూడు అడుగులు, ఒక ఖాళీ. మళ్ళీ మూడు, ఒక ఖాళీ. ఆ పందీ అలాగే కుంటింది. మా ఆయన నడకా అంతే, రెండు కర్రలు, ఒక కాలు. ఒకసారి ఆయనే అనుకుని టీ గ్లాసుతో తలుపు తీశాను. ఎవరూ లేరు. ఆయన ముందుగదిలో నిద్రపోతున్నారు. గచ్చు మీద తడి గుర్తులు. కొంగుతో తుడిచాను. అప్పటినుంచీ తుడుస్తూనే ఉన్నాను.

నేను రాసింది ఆయన రోజూ సాయంత్రం దిద్దుతారు. ఇన్నాళ్ళూ వాన గురించి, వంకాయ కూర గురించి రాశాను. ఇదీ అదే పుస్తకంలో రాశాను. మీకన్నా ముందు ఆయనే చదువుతారు. చదివాక ఏమంటారో తెలియదు. క్షమించమని రాయలేదు, ఆ మాట నాకు రాయడం వచ్చినా.

రాశాను. ఆ మేరకు ఊపిరి ఆడుతోంది.

పెరట్లో మూడు అడుగులు, ఒక ఖాళీ. తలుపు దాకా వచ్చాయి. ఎవరివో తెలియదు. పుస్తకం మూయలేదు.