దుల్హా కారుకు గ్యాస్ ఎక్కువైన రోజు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు సంగతి. మే నెల. వరంగల్‌లో నర్సంపేట రోడ్డు మీదున్న ఒక కార్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా ఉన్నాను. ఫోర్‌మన్ అంటే మెకానిక్‌లకు పైన, మేనేజర్‌కు కింద. పని చెడితే తిట్లు ఫోర్‌మన్‌కు, కుదిరితే పేరు మేనేజర్‌కు. ఏసీ పనులన్నీ నా చేతి కిందే జరిగేవి. ఎండాకాలం వచ్చిందంటే ప్రతివాడూ బండి దిగుతూనే ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది, జర కొట్టు." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, నడిపిన కొద్దీ అయిపోవడానికి. మూసి ఉన్న పైపుల్లో ఉన్నదే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. సర్వీసంతా ఇదే చెప్పాను. గోడకు చెప్పినా ఈపాటికి వినేది.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీశానో లేదో, ఒక పెళ్లి కారు లోపలికి వచ్చింది. కారని తర్వాత తెలిసింది. ముందు కనిపించినవి పూలే. ముందు భాగమంతా గులాబీలు, బంతిపూలు, వాటి మధ్య థర్మాకోల్ అక్షరాల్లో 'ఖలీల్ వెడ్స్ షాహీన్'. డ్రైవర్ యాకూబ్ దిగి మొరపెట్టుకున్నాడు.

"అన్నా, పొద్దుగాల ఒక దుకాణంల గ్యాస్ కొట్టిచ్చిన, సల్లగ కాలే. ఇంకో దుకాణంల మళ్ల కొట్టిచ్చిన. ఇప్పుడు ఉడుకుగాలి ఒస్తాంది."

వెనక సీట్లో దుల్హా, అంటే పెళ్లికొడుకు ఖలీల్, అతని నాయనమ్మ దాదీ ఉన్నారు. ఖలీల్ ఇద్దరి పెట్టు మనిషి. షేర్వానీ గుండీలు మెడ దాకా పెట్టి, మొహం మీది సెహ్రా పూలతెరను నెత్తి మీదికి ఎత్తుకొని, శుభలేఖతో విసురుకుంటున్నాడు. దిగి నన్ను పక్కకు తీసుకుపోయాడు.

వాళ్ల అన్న నిఖా కూడా మే నెలలోనే అయిందట. సరిగ్గా పెళ్లికి ఒప్పుకుంటూ 'కబూల్' అనాల్సిన సమయానికి ఉక్కకు కళ్లు తిరిగి పడిపోయాడట. ఆ రోజు నుంచి ఆయన ఊరందరికీ 'బేహోష్ భాయ్', స్పృహ తప్పిన అన్న. వాళ్ల బట్టల దుకాణం బోర్డు మీద వేరే పేరున్నా, ఆటోవాళ్లకు ఆ పేరు చెబితేనే తెలుస్తుంది.

"కాకా, నాకు సుత గసొంటి పేరు వడితె ఈ ఊర్లె తిరుగలేను. నర్సంపేటల ఫంక్షన్ హాల్ దాక నన్ను సల్లగ తీస్కపోయేటట్టు చెయ్. గంతే."

నాకు జాలేసింది. నవ్వు కూడా వచ్చింది కానీ మీసం కింద దాచుకున్నాను.

గేజీలు తగిలించాను. నీలం పైపు తక్కువ ఒత్తిడి వైపు, ఎర్ర పైపు ఎక్కువ ఒత్తిడి వైపు. ఇంజన్ నడుస్తూ, ఏసీ పూర్తిగా పెట్టి చూడాలి. గ్యాస్ తక్కువైతే రెండు ముళ్లూ కిందే ఉంటాయి. ఈ బండిలో రెండూ పైనే ఉన్నాయి. ఎర్ర ముల్లు ఎంత ఎత్తుకు పోయిందంటే, వెంటనే ఇంజన్ ఆపించాను. రెండు దుకాణాల వాళ్లూ తూకం లేకుండా చేతికొచ్చినంత దట్టించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

గ్యాస్ మొత్తాన్ని మెషిన్‌లోకి లాగాం. పైపుల్లో గాలి, తేమ మిగలకుండా అరగంట వాక్యూమ్ పెట్టాం. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని ఉందో అంతే తూచి నింపాం. ఈలోగా దుల్హాను మా పెద్ద ఫ్యాను ముందు నిలబెట్టాం. దాదీ నా కుర్చీలో కూర్చొని, నా అన్నం డబ్బాలోకి తొంగిచూసి, పప్పు పలుచగా ఉందని తేల్చింది.

మళ్లీ ఏసీ పెట్టాం. ఎర్ర ముల్లు మళ్లీ పైకి పాకింది. నా అనుమానం మొదటి నుంచీ పూల మీదే. కానీ పెళ్లి బండి పూల మీద ఊరికే చెయ్యి వేయకూడదు, ముల్లు సాక్ష్యం కావాలి. ఇప్పుడు దొరికింది. పూల కిందికి చెయ్యి పోనిచ్చాను. మందపాటి థర్మాకోల్ పలక! దాన్ని గ్రిల్లుకు తీగలతో బిగించారు. ఆ గ్రిల్లు వెనకే కండెన్సర్ ఉంటుంది. లోపలి వేడిని బయటి గాలికి వదిలేది అదే. చేపల మార్కెట్లో ఐసు చుట్టూ కట్టే సరుకును వీళ్లు కండెన్సర్‌కు కట్టారు. అది ఊపిరాడక ఉడుకుతోంది.

పూలు విప్పాలన్నాను. దాదీ కుర్చీలోంచి లేచింది.

"తెల్లారకముందు పూల దుకాణంల కూసొని నా ముంగట కట్టిచ్చిన బిడ్డా. పేర్లు ముంగట లేకుంట పోతె దుల్హా బండెట్లయితది? ఆడపెండ్లోళ్లు ఏమనుకుంటరు?"

పలకను టాపు మీద కడితే గాలికి లేచిపోతుంది. చివరికి ఒప్పందం కుదిరింది: దారిలో పలక వెనక డిక్కీ మూత మీద ఉంటుంది, ఫంక్షన్ హాల్ గేటు దగ్గర మాత్రం పేర్లే ముందు కనబడాలి. "గేటు కాడి ముచ్చట నేను చూస్కుంట, ఫికర్ చెయ్యకు దాదీ" అన్నాడు యాకూబ్. తీగలు విప్పి మళ్లీ ముందుకు కడతాడని నేననుకున్నాను.

దారిలో ఏసీ మళ్లీ మొరాయిస్తే ఎట్లా అని ఖలీల్ నా చెయ్యి వదల్లేదు. గ్యాస్ సిలిండర్ డిక్కీలో పెట్టించి, గేజీలు ఒళ్లో పెట్టుకొని, గ్రీజు మరకల యూనిఫాంతో ముందు సీట్లో బరాత్‌కు బయలుదేరాను. ఏసీ ఎంత బాగా పనిచేసిందంటే, దాదీ దుపట్టాతో చెవులు కట్టుకుంది. ఖలీల్ మొహంలో కళ వచ్చింది.

హాలు గేటు ముందు యాకూబ్ బండి ఆపాడు. తీగలు విప్పలేదు. డిక్కీ గేటు వైపు వచ్చేలా బండిని రోడ్డు మీదే తిప్పి రివర్స్ గేరు వేశాడు.

"ఏంది యాకూబ్?"

"పేర్లు ముంగట వోవాలె గద అన్నా!"

రివర్స్ కెమెరా ఉందని ధీమా ఇచ్చాడు. తెరలో ఒక బంతిపువ్వు తప్ప ఏమీ కనబడలేదు. తల బయటపెట్టి వెనక్కి చూస్తూ, బ్యాండుమేళం మధ్యలోంచి మమ్మల్ని వెనకడుగుల మీద తీసుకుపోయాడు. పెళ్లికూతురి వైపు పెద్దలు ఎదురొచ్చి వెనక అద్దం మీద పన్నీరు చల్లారు. ఒక పెద్దాయన మర్యాదగా డిక్కీ తెరిచాడు. పేర్లతో సహా మూత పైకి లేచింది. ఆయన అలవాటు కొద్దీ నా గ్యాస్ సిలిండర్‌కు సలాం చేశాడు.

అప్పుడు ఖలీల్ దిగాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. గంభీరంగా నడిచి వెళ్లి, నిటారుగా కూర్చొని, మూడుసార్లూ 'కబూల్' అన్నాడు, అదీ వెనక వరసకు వినబడేలా. నాకు గర్వంగానే అనిపించింది. కానీ భోజనాల దగ్గర బిర్యానీ వడ్డించేవాడు గట్టిగా అడిగాడు: "రివర్స్ దుల్హాకు లెగ్ పీస్ ఎయ్యాల్నా?"

అంతే. ఆ పేరు ఆ పూటే నర్సంపేట దాటి, మాకంటే ముందే వరంగల్ చేరింది. ఆ రోజు అందరికంటే సంతోషించినవాడు ఖలీల్ అన్న. నన్ను కావలించుకొని మూడు కప్పుల ఖుబానీ కా మీఠా తినిపించాడు. ఇప్పుడు వాళ్ల బట్టల దుకాణానికి పోవాలంటే ఆటోవాళ్లకు 'రివర్స్ భాయ్ దుకాణం' అని చెప్పాలి. బేహోష్ భాయ్ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నా కింది మెకానిక్‌లకు రెండు మాటలు చెప్పేవాణ్ని. ఏసీ చల్లగా లేదని బండి వస్తే గ్యాస్ జోలికి పోకుండా మొదట బండి ముందు నిలబడి చూడాలి. పని అయ్యాక, బండి పంపే ముందు, ఏ గేరులో లోపలికి పోతావని డ్రైవర్‌ను అడగాలి.