మెడల మేస్త్రి కుడి చెయ్యి

మేస్త్రి చేతికి చిక్కిన కోడి కేక పెట్టేది కాదు. ఇదేం గొప్ప అని మూతి విరిచేవాళ్ళు విరుచుకోవచ్చు గానీ, ఏ పనికైనా పనితనం అంటూ ఒకటి ఉంటుంది. అది పెద్ద మాంసం కొట్టు. ఊళ్ళో హోటళ్ళకీ, ఆసుపత్రి క్యాంటీనుకీ కోళ్ళు అక్కడి నుంచే వెళ్ళేవి. ఒకడు బోనులోంచి తీసి అందిస్తాడు, ఒకడు తోలు ఒలుస్తాడు, ఒకడు ముక్కలు కొడతాడు. మధ్యలో నిలబడి మెడ విరిచే పని ఇతనిది. ఎడమ చేత్తో రెండు కాళ్ళూ పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్ళ మధ్య తల ఇరికించి, బొటనవేలు ముక్కు కింద ఆనించి, ఒక్కసారి కిందికి లాగి వెనక్కి తిప్పాలి. అది రెక్క విదిలించేలోపు అయిపోవాలి. ఆలస్యం చేసే పనివాడి చేతిలో పక్షి నరకం చూస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని చేశాడు కనుక మెడల మేస్త్రి అయ్యాడు. కొట్టులోకి యంత్రం వచ్చాక యజమాని ఒక దండం పెట్టి ఇంటికి పంపేశాడు. పేరు మాత్రం వెంట వచ్చింది.

అలాంటి మనిషి ఇంటి పెరట్లో పద్నాలుగు కోళ్ళుండేవనీ, అవి ముసలితనంతో తప్ప చచ్చేవి కావనీ చెబితే ఎవరైనా నవ్వుతారు. కొట్టులోవాళ్ళు పడీపడీ నవ్వేవారు. అవి మేస్త్రి భార్యవి. కాపురానికి వచ్చిన వారానికే ఆవిడ తేల్చి చెప్పేసింది. "మీ పని మీది, నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఆ చేతులతో నా పెరట్లోకి రావద్దు." సరేనన్నాడు. అంతే, ఇన్నేళ్ళలో వెనక గడప దాటలేదు. ఎప్పుడైనా ఆ గడప మీద నిలబడి చూస్తే, అప్పటిదాకా గోల చేస్తున్న కోళ్ళన్నీ నోళ్ళు మూసుకుని అవతలి గోడ దగ్గరికి జరిగిపోయేవి. మనుషులు తిట్టినా దులపరించుకుపోయే మనిషికి ఆ ఒక్కటీ చచ్చేంత అవమానంగా ఉండేది. ఎవరితోనూ చెప్పుకోలేదు. కోళ్ళకి నేనంటే భయం, అందుకు నాకు బాధగా ఉంది అని ఏ మొగాడు చెప్పుకుంటాడు?

పని పోయిన ఏడాదే ఆవిడ మెట్లు కడుగుతూ జారి పడింది. తొడ ఎముక విరిగింది. లోపల కడ్డీ వేసి, మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. పెరడు కనిపించకపోతే పిచ్చెక్కుతుందని గొడవ చేస్తే, మంచం తెచ్చి వెనక కిటికీ పక్కన వేశాడు. గింజలు గడప దగ్గర నిలబడే విసిరేవాడు. అలా పది రోజులు గడిచాయో లేదో, పెరట్లో జబ్బు మొదలైంది.

ముందు తుమ్ములు. తర్వాత మొహాలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. ముక్కుల్లోంచి కారే చీము కంపు మంచం దాకా వచ్చేది. జబ్బు ఒక ఎత్తు, సాటి కోళ్ళు ఒక ఎత్తు. కళ్ళు కనిపించని దాన్ని కళ్ళున్నవి బతకనివ్వవు. ఒక పొద్దున్న ఆవిడ పెట్టిన కేకకి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన మేస్త్రి గడప మీద ఠక్కున ఆగిపోయాడు. మెడ మీద ఈకలు లేని కోడి ఒకటుండేది, గుండు అని పిలిచేవాళ్ళు. అది గుడ్డిగా గోడకి తల కొట్టుకుంటోంది. నాలుగు కోళ్ళు దాని వెనక చేరి బతికుండగానే పేగు బయటికి లాగుతున్నాయి. ఒక దాని ముక్కున వేలాడుతున్న ముక్క కోసం ఇంకొకటి వెంటపడుతోంది.

"చూస్తూ నిలబడ్డారేంటండీ! వెళ్ళండి!" అని అరిచింది ఆవిడ.

అలా దాటాడు ఆ గడప. నాలుగింటినీ కాలితో తన్నాడు. అవి ఎగిరి పడి, లేచి, మళ్ళీ నెత్తురు మీదికే వచ్చాయి. పుంజు ఎక్కణ్ణుంచి దూకిందో గానీ, పిక్క మీద పడి చర్మం నిలువునా చీల్చేసింది. దాన్ని ఈడ్చి గంప కింద పడేసి వచ్చేసరికి గుండు ప్రాణం పోయింది.

గోడ మీద నుంచి ఒక తల లేచింది. ఆవిడ తమ్ముడు, పక్కిల్లే. వెల్డింగు పని చేస్తాడు. అతనికీ పెరట్లో ముప్పై కోళ్ళున్నాయి, వాటి గుడ్లు కొట్లకు వేస్తాడు.

"ఇంకా ఈ గోలంతా ఎందుకు బావా? నీకు అరగంట పని. అన్నిటికీ తిప్పేసి పడేయ్. నా వాటికి అంటుకుందంటే మాత్రం నేను ఊరుకోను."

"నోర్ముయ్యరా!" అంది అక్క కిటికీలోంచి. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "మీరే చూడాలి. నాకింకెవరూ లేరు. కానీ ఒక్కటి మీ చేతిలో చచ్చిందా, మళ్ళీ ఆ గడప దాటొద్దు. నా మొహం కూడా చూడొద్దు."

ఆవిడ కోపం మేస్త్రికి కొత్త కాదు. ఆ మాటలో ఉన్న భయమే కొత్త. పెళ్ళాం తన చేతుల్ని చూసి భయపడుతోందన్న సంగతి ఇన్నేళ్ళ తర్వాత ఆ పూటే అతనికి పూర్తిగా బుర్రకెక్కింది. ఎలాగైనా వీటిని బతికించి తీరాలనుకున్నాడు.

పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది. జబ్బువాటిని విడదీసి చీకటిగా ఉంచమంది. కుండ నీళ్ళలో మందు కలపమంది. కళ్ళు కనిపించనివి తాగవు కనుక వాటికి రోజుకు మూడుసార్లు నోరు తెరిచి చుక్కలు వెయ్యమంది. పొడిచిన గాయాలకి ఊదారంగు మందు పూయమంది. "ఎరుపు కనిపించిందంటే మిగతావి దాన్ని వదలవు" అని చెప్పి వెళ్ళింది.

మేస్త్రి పాత పెట్టెలు విరగ్గొట్టి గదులు కట్టాడు, గోనెసంచులు వేలాడదీశాడు. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో గుడ్డ ముంచి కళ్ళు తుడిచేవాడు. రెప్ప తెరిస్తే లోపల చీము జున్నుముక్కలా గడ్డకట్టి ఉండేది. దాన్ని గోటితో తీస్తుంటే కోడి వణికేది, అతనూ వణికేవాడు. కిటికీలోంచి ఆజ్ఞలు ఆగేవి కావు.

"అలా నొక్కకండి! అది కోడి, పళ్ళపేస్టు ట్యూబు కాదు."

"నువ్వొచ్చి చెయ్యి మరి!"

"కాలుంటే మిమ్మల్ని బతిమాలుకునేదాన్నా?"

అయినా చావులు ఆగలేదు. ఒకటి సంచి కింద దూరి బయటికొచ్చి సాటి కోళ్ళ ముక్కులకి బలైంది. రెండు జబ్బుతోనే పోయాయి. ప్రతిదాన్నీ కిటికీ దగ్గరికి తెచ్చి చూపించి, గోడవార పాతిపెట్టేవాడు. "ఇది నా చేతిలో పోలేదు" అనేవాడు, స్కూల్లో పంతులుకి సంజాయిషీ ఇచ్చుకునే పిల్లాడిలా. ఆవిడ తల ఊపేది.

ఆరో రోజు నల్లకోడి వంతు. అది తేరుకుంది, ఒక కన్ను తెరిచింది, పొద్దున్నే నాలుగు గింజలు కూడా తింది. ఇంకో రెండు రోజులు మందు పడితే చాలు. దాన్ని ఎడమ చంకలో పెట్టుకుని, కుడి చేతి వేళ్ళ మధ్య తల పట్టుకుని, బొటనవేలితో నోరు తెరుస్తున్నాడు. తేరుకున్న కోడి కదా, బలం వచ్చింది. ఒక్కసారిగా రెక్క విదిలించింది.

అంతే. అతను ఏమీ అనుకోలేదు. అనుకునేంత సమయం లేదు. చెయ్యి తనంతట తనే కిందికి లాగి వెనక్కి తిప్పేసింది. టక్కుమని చిన్న చప్పుడు. చంకలో ఆ ఒళ్ళు కాసేపు కొట్టుకుని బరువెక్కింది. మేస్త్రి ఆ తల వంక, తన చేతి వంక మార్చి మార్చి చూశాడు. మట్టిలో కూలబడ్డాడు. అబద్ధం చెప్పొచ్చు. కోళ్ళ గూటి వెనక జరిగింది, ఆవిడ చూడలేదు. కానీ లేచి, కోడిని తీసుకెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాడు.

"ఇది నా చేతిలోనే పోయింది" అన్నాడు. "కొట్టుకుంది. చెయ్యి తిప్పేసింది."

ఆవిడ మొహం పక్కకి తిప్పేసుకుంది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు, మాట లేదు. మేస్త్రి గడప ఇవతల కూర్చుని కుడి అరచేతిని గచ్చుకేసి కొట్టుకున్నాడు, చర్మం లేచిపోయేదాకా. మధ్యాహ్నం మందు ఎవరూ వెయ్యలేదు. సాయంత్రం మందూ లేదు. పెరట్లో ఒకటి గురక పెడుతోంది, అది ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

తెల్లారాక మంచం మీద నుంచి ఆవిడ గొంతు వచ్చింది. "ఎడమ చేత్తో తల పట్టుకోండి. మందు కుడి చేత్తో వెయ్యండి. ఆ ఎడమ దానికి ఏమీ రాదు కదా."

ఎడమ చేతికి నిజంగానే ఏమీ రాదు. సగం చుక్కలు చొక్కా మీదే పడేవి. కానీ కోడి ఎంత కొట్టుకున్నా ఆ చెయ్యి బిత్తరపోయి పట్టు వదిలేసేదే తప్ప తిప్పేది కాదు. అలా నాలుగు రోజులు గడిచాయి. మిగిలిన తొమ్మిదింట్లో ఒక్కటీ పోలేదు. అన్నిటికన్నా పెద్దది, ఆవిడ ప్రాణం పెట్టుకున్నది, టీచరమ్మ. ఠీవిగా తల ఎత్తి నడుస్తుందని ఆ పేరు. అది రెండు కళ్ళూ తెరిచి, మేస్త్రి గింజలు పోస్తుంటే గోడ దగ్గరికి పారిపోకుండా అతని పాదాల దగ్గర నిలబడి తింది. ఆ పూట మేస్త్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బావమరిది గోడ దూకాడు. చేతిలో ఇనప కడ్డీ. అతని కోళ్ళకీ జబ్బు అంటుకుంది, ఆ పొద్దుటికి పన్నెండు పోయాయి.

"చెప్పానా లేదా! చెప్పానా లేదా బావా!" అంటూ మొదటి దెబ్బ ఒక కోడి నడినెత్తిన వేశాడు. అది అక్కడికక్కడే పచ్చడైంది. రెండో దెబ్బ పారిపోతున్న టీచరమ్మ నడుం మీద పడింది. మూడో దెబ్బకి కడ్డీ లేచేసరికి మేస్త్రి అతన్ని గోడకి గుద్దాడు. ఇద్దరూ మట్టిలో దొర్లారు. కడ్డీ మేస్త్రి మోచేతికి తగిలింది, బావమరిది పెదవి చిట్లి పళ్ళు ఎర్రబడ్డాయి. కిటికీలో ఆవిడ ఊచలు పట్టుకుని ఇద్దర్నీ పేరు పేరునా తిడుతోంది. బావమరిది కాళ్ళతో కొట్టుకుంటున్నాడు.

కొట్టుకుంటున్నాడు. మేస్త్రి కుడి చెయ్యి అతని దవడ కింద ఉంది. బొటనవేలు ఎక్కడుండాలో అక్కడే ఉంది. అది మేస్త్రి చూశాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పీకాడు, మొండి జంతువుని గుంజినట్టు గుంజాడు. వేళ్ళు ఒకటొకటిగా వదిలాయి. బావమరిది తన మెడ పట్టుకుని దగ్గుతూ వెనక్కి పాకాడు. అతనికీ అర్థమైంది, ఏం తప్పించుకున్నాడో. కడ్డీ అక్కడే వదిలేసి, గోడ ఎక్కలేక, ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

పెరట్లో ఒక్కటే చప్పుడు మిగిలింది. టీచరమ్మ ముందు సగం లేస్తోంది, వెనక సగం లేవట్లేదు. రెక్కలతో మట్టిని గుంజుకుంటూ కిటికీ వైపే వస్తోంది. ముక్కులోంచి నెత్తురు. మిగతావి దూరం నుంచి ఆ ఎరుపు చూశాయి, ఒక్కొక్కటే దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. మేస్త్రి వాటిని తరిమి, టీచరమ్మని ఎత్తుకుని కిటికీ దగ్గరికి తెచ్చాడు. ఊచల్లోంచి చెయ్యి చాచి ఆవిడ దాని వీపు తడిమింది. ఎక్కడ విరిగిందో వేలికి తగిలింది.

"డాక్టరమ్మని పిలవనా?" అన్నాడు.

"ఆవిడొచ్చేదాకా ఇది ఇలా..." అని ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు. "ఏమండీ, దీనికి నొప్పి తెలియకుండా మీకు చెయ్యడం వచ్చు కదా."

"నేనా?" అన్నాడు మేస్త్రి.

"మీరే. ఇంకెవరికి వచ్చు?"

అతను ఎడమ చెయ్యి చాచబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "కుడి చేత్తో."

ఆవిడ చూస్తుండగానే చేశాడు. టీచరమ్మ కేక పెట్టలేదు, రెక్క కూడా విదల్చలేదు. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. అయిపోయాక దాన్ని కిటికీ గట్టు మీద పడుకోబెట్టి, మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ఆవిడ ఊచల్లోంచి ఆ చేతినే పట్టుకుంది.

"నెత్తురైంది, కడుక్కుని వస్తాను" అన్నాడు.

"ఉండండి" అంది ఆవిడ, వదల్లేదు.